ఎం.ఏ. చదివినదానివి, మళ్ళీ ఫస్టియర్ ఏంది బిడ్డా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని చెల్లెళ్ళు వచ్చి అడిగారు. కవిత రాసిస్తానంటే "వద్దక్కా, కవితలు ఇప్పటికే ముప్పై దాకా వచ్చినయి. నీ లా చదువు గురించి రాయి" అన్నారు. సరేనన్నాను. ఎందుకంటే హాస్టల్లో ప్రతి ఒక్కరూ నన్ను అడిగే ప్రశ్న అదే. ఎం.ఏ. అయిపోయింది కదా, మళ్ళీ మూడేళ్ళ ఎల్.ఎల్.బి. ఎందుకు అని. మా అమ్మయితే ఇంకో తీరుగ అడిగింది. "ఎం.ఏ. చదివినదానివి, మళ్ళీ ఫస్టియర్ ఏంది బిడ్డా? ఫెయిలయినవా?"

మా నాయిన ఎనుమాముల మార్కెట్లో హమాలీ. అమ్మ పత్తి ఏరడానికి, మిరపకాయ తెంపడానికి పోతుంది. అన్న పదో తరగతితో ఆపి ఆటో నడుపుతున్నాడు. మా ఇంట్లోనే కాదు, మా వాడలో మా చుట్టాల ఇండ్లన్నీ కలిపినా డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. మూడో తరగతిలో ట్రంకు పెట్టెతో హాస్టల్‌కు వచ్చినదాన్ని. అప్పటి నుండి ఇప్పటిదాకా నా చదువంతా హాస్టల్ అన్నంతోనే సాగింది. నీళ్ళ చారు గురించి రాయబోవడం లేదు, అది మీకందరికీ తెలిసిందే.

2022లో బి.ఏ., 2024లో పొలిటికల్ సైన్సులో ఎం.ఏ. అయింది. నా తోటివాళ్ళలో సగం మంది బి.ఇడి. వైపు పోయారు. కొందరు గ్రూప్స్ కోచింగ్‌కని హైదరాబాద్ అశోక్‌నగర్ చేరారు. ఇద్దరు పెళ్ళి చేసుకున్నారు. నేను కూడా గ్రూప్స్ పుస్తకాలు ముందర వేసుకున్నదాన్నే. నన్ను లా వైపు తిప్పింది మా తాత పెట్టెలో దొరికిన ఒక కాగితం.

ఎం.ఏ. ఆఖరి సెమిస్టర్‌లో ప్రాజెక్టుకు భూసంస్కరణలు అనే అంశం తీసుకున్నాను. ఊరికి పోయినప్పుడు మాటల్లో "నాయినా, మనకెప్పుడూ భూమి లేదా?" అని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి పోయి తాత పెట్టె తెరిచి, మడతల దగ్గర చిరిగిపోయిన ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. అది లావణి పట్టా. 1975లో సర్కారు మా తాతకు ఎకరం ఇరవై గుంటలు ఇచ్చింది. వెనుక షరతులున్నాయి. తరతరాలుగా దున్నుకోవచ్చు గాని అమ్మరాదు, ఇంకొకరికి రాసివ్వరాదు అని. 1983లో తాతకు జబ్బు చేస్తే రెండు బస్తాల వడ్లు, కొంత రొక్కం ఇచ్చి ఊరి పెద్ద ఒకాయన తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. అప్పటి నుండి ఆ భూమి వాళ్ళ దున్నకంలోనే ఉంది. మా అమ్మ పత్తి ఏరడానికి పోయే చేనుల్లో అదీ ఒకటి. ఇన్నేళ్ళూ ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

యూనివర్సిటీ లైబ్రరీలో వెతికితే 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం దొరికింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ 9వ చట్టం. పది పన్నెండు సెక్షన్లకు మించని చిన్న చట్టం. మూడో సెక్షన్ ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదు. నాలుగో సెక్షన్ ప్రకారం దాన్ని కొన్నవాడి దగ్గర నుండి తీసుకొని అసలు పట్టాదారుకు గాని అతని వారసులకు గాని తిరిగి ఇవ్వాలి. మూడుసార్లు చదివాను. ఆ కాగితం, ఈ చట్టం రెండూ పట్టుకొని పట్టణంలో ఒక వకీలు దగ్గరికి పోయాను. ఆయన కాగితం సరిగ్గా చూడనైనా చూడలేదు. "నలభై ఏండ్లయింది కదమ్మా. లిమిటేషన్ ఎప్పుడో పోయింది. వదిలెయ్యి" అని వెయ్యి రూపాయలు తీసుకున్నాడు.

ఆయన చెప్పింది నిజమో అబద్ధమో నాకు తెలియదు. పొలిటికల్ సైన్సులో ఎం.ఏ. చదివి, రాజ్యాంగం మీద పేజీలకు పేజీలు పరీక్ష రాసిన నాకు నా తాత పట్టా చెల్లుతుందో లేదో తెలియదు. ఆ రోజు బస్సులో తిరిగొస్తూనే లాసెట్ రాయాలని అనుకున్నాను.

లాసెట్ గురించి చెల్లెళ్ళు చాలా అడుగుతున్నారు గనుక కొంచెం వివరంగా రాస్తాను. డిగ్రీ పాసైతే చాలు, ఏ గ్రూపైనా సరే. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం జనరల్ వాళ్ళకు 45, బి.సి.లకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం మార్కులు డిగ్రీలో ఉండాలి. ఇంటర్ తర్వాత చేరితే ఐదేళ్ళు, డిగ్రీ తర్వాత చేరితే మూడేళ్ళు. నేను రాసినప్పుడు 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు. జనరల్ నాలెడ్జికి 30, వర్తమాన విషయాలకు 30, న్యాయశాస్త్రానికి సంబంధించిన ప్రశ్నలు 60. ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఉంటుంది, భయపడనక్కర లేదు. మిగతా వాళ్ళకు 42 మార్కులు వస్తేనే అర్హత, ఎస్సీ ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన లేదు. అయితే అంత మాత్రాన గవర్నమెంటు కాలేజీలో సీటు రాదు, దానికి మంచి ర్యాంకే కావాలి. పాలిటీ చదివినవాళ్ళకు ఆ 60లో సగం తెలిసినవే ఉంటాయి.

ఇంకొక సంగతి గట్టిగా చెప్పాలి. పదో తరగతి, ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసినవాళ్ళకు లా సీటు రాదు. బార్ కౌన్సిల్ నిబంధనలోనే ఆ మాట ఉంది. మన పాత విద్యార్థినుల్లో పదితో ఆపి, పెళ్ళయ్యాక దూరవిద్యలో చదవాలనుకునే అక్కలు ఉన్నారు. వాళ్ళు ముందు ఓపెన్‌లోనైనా ఇంటర్ పూర్తి చేసి ఆ తర్వాత డిగ్రీకి పోవాలి. దూరవిద్యలో ఎల్.ఎల్.బి. ఇస్తామని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అది పట్టుకొని పోతే వకీలుగా నమోదు చేసుకోరు. క్లాసులకు 70 శాతం హాజరు ఉండాల్సిందే.

నాకు ర్యాంకు రావడం కంటే సర్టిఫికెట్లు రావడం కష్టమైంది. నేను డిగ్రీ చదివిన ప్రైవేటు కాలేజీ వాళ్ళు, ప్రభుత్వం నుండి నా ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని చెప్పి నా మెమోలు కొన్ని తమ దగ్గరే ఉంచుకున్నారు. ఎం.ఏ.లో చేరినప్పుడు జిరాక్సులతో గడిచింది. లా కౌన్సెలింగ్‌లో ఒరిజినల్స్ కావాలన్నారు. ప్రభుత్వం ఇయ్యాల్సిన పైసలకు పిల్లల కాగితాలు ఆపుడేందని మా అన్న పోయి గట్టిగా అడిగితే "ఆఫీసులో అడుగు" అన్నారు. ఆఫీసులో అడిగితే "బడ్జెట్ రిలీజ్ కాలేదు" అన్నారు. చివరికి మా అమ్మ మహిళా సంఘంలో అప్పు తీసుకొని కట్టింది. ఆ కిస్తీలు పోయిన ఎండాకాలం దాకా నడిచాయి.

అట్లా హన్మకొండ సుబేదారిలోని లా కాలేజీలో చేరాను. క్లాసులో నా పక్కన కూర్చునేవాళ్ళలో రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన, ఇద్దరు టీచర్లు, ఒక కానిస్టేబుల్ ఉన్నారు. మూడేళ్ళ లా క్లాసంటే అట్లాగే ఉంటుంది. అందరూ ఏదో ఒకటి చదివి, ఏదో ఒకటి చూసి వచ్చినవాళ్ళే. టార్టులు చెప్పేటప్పుడు కానిస్టేబుల్ అన్న వేసే ప్రశ్నలకు మా సార్ నవ్వేవారు.

భాష దగ్గర మాత్రం కష్టపడ్డాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఎం.ఏ. కూడా ఎక్కువ భాగం తెలుగు పుస్తకాలతోనే నడిచింది. ఇక్కడ ఇంగ్లీషే అనుకుంటే దాని మీద లాటిన్. మెన్స్ రియా, రెస్ జ్యుడికేటా, ఆడి ఆల్టరమ్ పార్టెమ్ అని పలకడానికే నోరు తిరిగేది కాదు. ఒకరోజు ఫోన్లో మా అమ్మతో ఈ గోడంతా చెప్పుకున్నాను. ఆమె అంది, "మాకు తెల్వయా కోర్టు మాటలు? జమానతు, పంచనామా, వాయిదా, దస్తావేజు, రహన్, ఫైసలా..." అని వరుసగా చెప్పింది. నేను నోరు తెరిచాను. సంతకం రాని మా అమ్మకు కోర్టు మాటలు అన్నీ తెలుసు. చూడండి, మనవాళ్ళు చట్టానికి దూరంగా ఎప్పుడూ లేరు. ఎప్పుడూ ముద్దాయిల వైపో, సాక్షుల వైపో, అప్పు కాగితం కింద వేలిముద్ర వైపో నిలబడే ఉన్నారు. అటు బల్ల దగ్గర లేరు, అంతే. ఆ తర్వాత నేను నోట్సు రాసుకునేటప్పుడు పక్కన అమ్మ మాట కూడా రాసుకోవడం మొదలుపెట్టాను. రెస్ జ్యుడికేటా పక్కన "ఒకపారి ఫైసలా అయినంక మళ్ళ అదే పంచాది పెట్టద్దు" అని ఉంటుంది. మరిచిపోలేదు ఎప్పుడూ.

పి.జి. చేసి వచ్చినందుకు లాభం ఉందా అని అడుగుతారు. ఉంది. రాజ్యాంగం పేపర్‌కు పెద్దగా కష్టపడలేదు. అయితే ఎం.ఏ.లో చదివిన రాజ్యాంగం వేరు, ఇక్కడ చదివే రాజ్యాంగం వేరు. అక్కడ 21వ అధికరణం అంటే జీవించే హక్కు అని ఒక వాక్యం. ఇక్కడ దాని వెనుక మనుషులు ఉంటారు. పాస్‌పోర్టు లాక్కున్నందుకు కోర్టుకు పోయిన మేనకా గాంధీ, 1978. పడాల్సిన శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే బీహార్ జైళ్ళలో పడి ఉన్న పేదల కోసం వచ్చిన హుస్సేనారా ఖాతూన్ కేసు, 1979. కాంట్రాక్టు చట్టంలో అందరూ బట్టీ పట్టే మొహొరీ బీబీ కేసు ఉంది, 1903 నాటిది. మైనర్ కుర్రవాడి చేత ఇల్లు తాకట్టు రాయించుకున్న వడ్డీ వ్యాపారి కేసు అది. మైనర్‌తో ఒప్పందం మొదటి నుండే చెల్లదన్నారు. ఆ కేసు చెబుతుంటే నాకు తాత వేలిముద్రే కళ్ళ ముందు మెదిలింది. తాత మైనర్ కాదు, కాని చెల్లకపోవడానికి ఇంకో చట్టం ఉంది కదా అనుకున్నాను.

అంబేద్కర్ గారి గురించి మనం ప్రతి ఏప్రిల్ 14న మాట్లాడుకుంటాం. ఒక చిన్న సంగతి మాత్రం ఎక్కువగా మాట్లాడుకోము. ఆయన కూడా ఎం.ఏ. అయ్యాకనే లా చదివారు. 1915లో కొలంబియాలో ఎం.ఏ., 1916లో లండన్ గ్రేస్ ఇన్‌లో చేరిక. మధ్యలో బరోడా స్కాలర్‌షిప్ గడువు అయిపోయి 1917లో తిరిగి రావలసి వచ్చింది. డబ్బు కూడబెట్టుకొని 1920లో మళ్ళీ పోయి పూర్తి చేశారు. స్కాలర్‌షిప్ ఆగడం మనతో మొదలు కాలేదన్న మాట! అమ్మకు ఈ సంగతి చెప్పాకనే ఫస్టియర్ గురించి అడగడం మానేసింది.

మన దగ్గరి మనుషుల్లో బొజ్జా తారకం గారి పేరు చెప్పుకోవాలి. 1985లో కారంచేడు హత్యలు జరిగినప్పుడు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేసి బాధితుల వైపు నిలబడ్డ వకీలు. "పోలీసులు అరెస్టు చేస్తే" అని తెలుగులో పుస్తకం రాశారు. మన లైబ్రరీలో ఒక కాపీ ఉండాలని వార్డెన్ మేడంను కోరుతున్నాను. 1991లో చుండూరులో ఎనిమిది మందిని చంపితే, సాక్షులు దూరం పోకుండా ఆ ఊరిలోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు మనవాళ్ళు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఈ కేసు క్లాసులో చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. కేసు గెలవడం ఒక ఎత్తు, గెలిచింది పై కోర్టు దాకా నిలవడం ఇంకో ఎత్తు. ఎఫ్.ఐ.ఆర్. రాసే దగ్గరి నుండి కాగితం మీద మన మనిషి కన్ను ఉండాలనిపించింది.

పుస్తకాల సంగతి కూడా చెప్పాలి. మన హాస్టళ్ళలో పాత పుస్తకాలు చేతులు మారుతుంటాయి కదా. ఒక సీనియర్ అక్క నాకు ఐ.పి.సి., సి.ఆర్.పి.సి., సాక్ష్య చట్టం మూడూ ఇచ్చి "ఒక్క రూపాయి పెట్టకు" అంది. నేను చేరే నాటికే, 2024 జూలై 1 నుండి, ఆ మూడింటి స్థానంలో కొత్తవి వచ్చేశాయి. 1860 నుండి ఉన్న ఐ.పి.సి.లో 511 సెక్షన్లు, భారతీయ న్యాయ సంహితలో 358. హత్యకు 302 పోయి 103 వచ్చింది. మన సినిమాల్లో తిట్టు అయిపోయిన 420 ఇప్పుడు 318లో చేరింది. ఎఫ్.ఐ.ఆర్. సెక్షన్ 154 కాదు, నాగరిక్ సురక్షా సంహితలో 173. అట్లాగని పాత పుస్తకాలు పారేయవద్దు. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకు ఐ.పి.సి.నే వర్తిస్తుంది. కోర్టులో ఆ కేసులు ఇంకా ఏళ్ళ తరబడి నడుస్తాయి. మేం రెండూ చదవాల్సి వస్తున్నది. కొత్త బేర్ యాక్టులు మేం నలుగురం కలిసి ఒక సెట్టు కొనుక్కున్నాం.

కోర్టు చూడడానికి జిల్లా కోర్టుకు పోయినప్పుడు, వరండాలో కూర్చున్న ఆడవాళ్ళను చూశాను. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. వాళ్ళలో ఒకామె నన్ను నల్ల కోటు లేకున్నా వకీలమ్మా అని పిలిచి, తన వాయిదా ఎప్పుడో చూసి చెప్పమంది. వకీలు ఫీజుకు కమ్మలు కుదువ పెట్టానంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టంలో 12వ సెక్షన్ ఉంది. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయం ఎంత ఉన్నా సరే, ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఆ కోర్టు ఆవరణలోనే ఆ ఆఫీసు ఉంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనే తీసుకుపోయి చూపించాను. మీ ఇండ్లలో ఎవరికైనా కేసు ఉంటే ఈ ఒక్క సెక్షన్ నంబరు గుర్తుపెట్టుకోండి.

చదువు అయ్యాక ఏం చేస్తావని కూడా అడుగుతున్నారు. వకీలుగా నమోదు కావడానికి బార్ కౌన్సిళ్ళు ఇష్టమొచ్చినట్టు వేలకు వేలు తీసుకునేవి. 2024 జూలై 30న సుప్రీంకోర్టు అది చెల్లదని తీర్పు చెప్పింది. 1961 నాటి అడ్వకేట్స్ చట్టంలో రాసినంతే తీసుకోవాలి. జనరల్ వాళ్ళకు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు. ఈ తీర్పు గురించి చదివిన రోజు మా రూములో అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాను. ఆ తర్వాత ఆల్ ఇండియా బార్ పరీక్ష ఉంటుంది. 100 ప్రశ్నలు, తప్పుకు మార్కులు తీసెయ్యరు, నోట్సు లేని బేర్ యాక్టులు దగ్గర పెట్టుకోవచ్చు, తెలుగులో రాయవచ్చు.

భయం అక్కడ కాదు. జూనియర్‌గా చేరితే మొదట్లో జీతం ఉండదు, ఉన్నా బస్సు ఖర్చులకే. కొలువున్న తండ్రి ఉన్నవాళ్ళకు, ఇంట్లో వకీలున్నవాళ్ళకు ఆ మూడు నాలుగేళ్ళు గడుస్తాయి. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని మళ్ళీ తీర్పు ఇచ్చింది. కోర్టు అనుభవం లేకుండా జడ్జి కాకూడదన్న మాట న్యాయమైనదే. కాని ఆ మూడేళ్ళు మన పిల్లలు ఏం తిని ప్రాక్టీసు చేస్తారో ఎవరు ఆలోచించాలి? కొత్తగా వచ్చే పేద వకీళ్ళకు ఆ మూడేళ్ళూ నెలనెలా స్టైపెండు ఇవ్వాలి, అది చేతికి ఇవ్వాలి, కాగితం మీద కాదు. పాత విద్యార్థుల సంఘం పెద్దలు ఈ వ్యాసం చదువుతారని ఈ మాట ఇక్కడ రాస్తున్నాను.

ఇక మా భూమి. లిమిటేషన్ పోయిందన్న వకీలు మాటను మా సార్ ముందు పెట్టాను. ఆయన "ముందు చట్టంలో ఆ మాట ఎక్కడుందో చూపించు" అన్నారు. చూశాను. ఆ చట్టంలో గడువు ఏదీ లేదు. చాలా ఆలస్యమైందని అవతలివాళ్ళు వాదించవచ్చు, దానికి మనం జవాబు చెప్పుకోవాలి, అది వేరే సంగతి. భూమిలేని పేదవాడు కొంటే మినహాయింపు ఉంది. కాని మా భూమి తీసుకున్నాయన భూమిలేని పేదవాడు కాడని ఊరందరికీ తెలుసు.

దరఖాస్తు నేను రాశాను. వారసుడిగా నాయిన సంతకం పెట్టాలి. నాలుగు నెలలు పెట్టలేదు. "ఊళ్ళె ఉండాలె బిడ్డా, నువ్వు హాస్టల్ల ఉంటవు, మేము ఆడ ఉంటం" అన్నాడు. తప్పు పట్టలేను. చివరికి అమ్మే అంది, "నా చేన్ల నేను కూలికి పోవుడేంది?" అని. నాయిన మరునాడు పొద్దున సంతకం పెట్టాడు. దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకున్నాం. వారం తిరగకముందే ఆ ఇంటివాళ్ళు అమ్మను పత్తి ఏరడానికి పిలవడం మానేశారు. ఇప్పుడు పక్క ఊరికి ఆటోలో పోతున్నది, కూలిలో నలభై రూపాయలు ఆటోకే పోతున్నాయి.

విచారణకు రమ్మని పోయిన నెల నోటీసు వచ్చింది. ఆ తేదీ సరిగ్గా నా మూడో సెమిస్టర్ పరీక్షల మధ్యలో పడింది. నేను వాయిదా అడుగుదామన్నాను. "నీ పరీక్ష ఆపద్దు, నేనే పోత" అన్నాడు నాయిన. అప్పటి నుండి రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ చేస్తున్నాను. ఆఫీసులో వాళ్ళు ఏమేం అడుగుతారో నేను అడుగుతాను, ఆయన చెబుతాడు. మొదటి రెండు రోజులు పట్టా ఇచ్చిన సంవత్సరం దగ్గర తడబడ్డాడు. నిన్న రాత్రి సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు ఆగకుండా చెప్పాడు. తూర్పున ఉన్న చింతచెట్టు ఇప్పుడు లేదని, మొద్దు మాత్రం ఉందని నేను అడగకుండానే చెప్పాడు.